పేకాటలో ఎదుటివారి చేతి అంచనా

పేకాటలో ఎదుటివారి చేతి అంచనా అనగా, ఒక ఆటగాడు తనకు కనిపించని ఇతరుల ముక్కలు ఎటువంటివై ఉండవచ్చునో ఆట నడిచిన తీరును బట్టి ఊహించడం. ఒక ఆటగానికి పంచిన ముక్కలన్నిటినీ కలిపి పేకాట పరిభాషలో "చేయి" అంటారు. పోకర్, మూడు ముక్కలాట, రమ్మీ వంటి ఆటలలో గెలుపు ఓటములు ముక్కలు పడే అదృష్టం మీద కొంత, ఈ అంచనా మీద కొంత ఆధారపడి ఉంటాయి. తన ముక్కలను సరిగా అమర్చుకోవడం ఎవరైనా కొద్ది రోజులలో నేర్చుకుంటారు. ఎదుటివాని చేతిని చదవడం మాత్రం ఏళ్ళ తరబడి ఆడినా కొందరికి పట్టుబడదు. బలహీనమైన ఆటగాడు ఎదుటివాడు ఏమి చేశాడన్నది చూడడు. తన చేతిలో ఉన్న ముక్కలను, తన ఆశను, తన భయాన్ని బట్టి ఎదుటివాని చేతిని నిర్ణయించుకుంటాడు. అతని పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదే.

పోకర్ తెలుగువారికి నగరాల ద్వారా, ఇంటర్నెట్ ద్వారా ఆలస్యంగా పరిచయమైన ఆట. తెలుగునాట ఎక్కువగా ఆడేవి పదమూడు ముక్కల రమ్మీ, మూడు ముక్కలాట. మూడు ముక్కలాట పోకర్‌కు దగ్గరి చుట్టం. కనుక ఈ వ్యాసంలోని ఉదాహరణలు ముఖ్యంగా ఈ రెండు ఆటల నుండి తీసుకొనబడినవి.

నేపథ్యం

నంద్యాల జిల్లాలోని ఆత్మకూరు నల్లమల అడవుల అంచున ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలు, కడప మెట్ట ప్రాంతాలలో సేద్యం చాలావరకు వాన మీద ఆధారపడినది. కోతలు ముగిసి మళ్ళీ తొలకరి పడే దాకా పని తక్కువగా ఉండే రోజులలో చెట్టు నీడన, అరుగుల మీద పేకాట సాగడం ఈ పల్లెలలో సాధారణ దృశ్యం. ఇది చాలావరకు కాలక్షేపమే. దీనికి మరో ముఖం కూడా ఉన్నది. ఊరి శివారు తోటలలో, గుట్టల చాటున నడిచే పేకాట స్థావరాలపై పోలీసుల దాడులు, పట్టుబడిన సొమ్ము వివరాలు జిల్లా వార్తలలో తరచుగా కనిపిస్తాయి. కాలక్షేపపు ఆటలో తప్పుడు అంచనాకు మూల్యం కొద్దిపాటి నవ్వులాట. స్థావరంలో అదే పొరపాటుకు మూల్యం పంట మీద తెచ్చిన అప్పు కావచ్చు.

రెండు చోట్ల ఆట నియమాలు ఒకటే గాని ఎదుటివారిని గురించిన సమాచారం ఒకటి కాదు. అరుగు మీద ఆడేవారు ఏళ్ళుగా ఒకరినొకరు ఎరిగినవారు. ఎవరు తొందరపాటు మనిషో, ఎవరు ముక్కలు బాగా పడితే తప్ప పైసా పెట్టరో అందరికీ తెలుసు. స్థావరంలో పక్కన కూర్చున్నది ఎవరో కూడా తెలియకపోవచ్చు.

మూడు ముక్కలాటలో అంచనా

మూడు ముక్కలాటలో ఒక్కొక్కరికి మూడేసి ముక్కలు పంచుతారు. అన్నిటికంటె పెద్దది ఒకే అంకె గల మూడు ముక్కలు. తరువాత వరుసగా ఒకే రంగు వరుస, మామూలు వరుస, ఒకే రంగు ముక్కలు, జత, చివరగా ఏ జతా లేని విడి ముక్కలు. ఇక్కడ రంగు అంటే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అనే నాలుగింటిలో ఒకటి. ఆటగాడు ముక్కలు చూడకుండానే పందెం కాయవచ్చు. దీనిని బ్లైండ్ అంటారు. ముక్కలు చూసినవాడు చూడనివాని పందేనికి కనీసం రెట్టింపు పెట్టవలసి ఉంటుంది.

52 ముక్కల పేక నుండి మూడు ముక్కల చేతులు మొత్తం 22,100 విధాలుగా రావచ్చు. వీటిలో ఒకే అంకె గలవి 52, ఒకే రంగు వరుసలు 48, మామూలు వరుసలు 720, ఒకే రంగు గలవి 1,096, జతలు 3,744. మిగిలిన 16,440 విడి ముక్కలే. అనగా ప్రతి నాలుగు చేతులలో దాదాపు మూడింటికి జత కూడా ఉండదు. ఈ లెక్క తెలియకపోవడం వలన కలిగే పొరపాట్లు రెండు వైపులా ఉంటాయి.

మొదటిది భయం వలన కలిగేది. రాజు పెద్ద ముక్కగా ఉండి, జత లేని చేయి వచ్చినవాడు తనకు ఏమీ రాలేదనుకుంటాడు. నిజానికి మొత్తం చేతులను చిన్నదాని నుండి పెద్దదాని వరకు పేర్చితే సరిగ్గా నడుమ పడేది రాజు పెద్దగా గల విడి ముక్కల చేయే. ఎదుటివాడు ఇంకా బ్లైండ్ ఆడుతున్నాడంటే అతని చేయి ఏమిటో అతనికే తెలియదు. అతని పందెం అతని ముక్కలను గురించి ఏమీ చెప్పదు. అటువంటి ఒక్కనిపై రాజు చేయి ఇంచుమించు సరిసమానంగా నిలుస్తుంది. బలహీన ఆటగాడు బ్లైండ్ ఆడేవాని ధైర్యాన్ని చూసి అతని వద్ద పెద్ద చేయి ఉన్నట్లు భావించి ముక్కలు పడేస్తాడు.

రెండవది ఆశ వలన కలిగేది, ఎక్కువ ఖర్చుతో కూడినది. ఒక ఆటగానికి ఆసుల జత వచ్చిందనుకుందాం. ఏదో ఒక చేయి తీసుకుంటే అది ఈ జతను మించే అవకాశం సుమారు 9 శాతం మాత్రమే. ఈ అంకె తప్పు కాదు, కాని దీనిని ఎక్కడ వాడుతున్నామన్నది ముఖ్యం. ఎదురుగా ఐదుగురు ఉంటే వారిలో కనీసం ఒకరి చేయి జతను మించి ఉండే అవకాశం 36 శాతానికి పైగా ఉంటుంది. బలహీన ఆటగాడు ఎదుటివారిని ఒక్కొక్కరిగా చూసి "వీనికి రాదు, వానికి రాదు" అనుకుంటాడు గాని అందరినీ కలిపి చూడడు.

ఇంతకంటె సూక్ష్మమైనది మరొకటి ఉన్నది. ఆ ఐదుగురిలో నలుగురు ముక్కలు చూసి పడేశారు, ఒక్కడు చూసి కూడా పందెం కట్టాడు. ఆ ఒక్కడు జత గాని అంతకు మించినది గాని లేనిదే ఆడని మనిషి అయితే, ఇప్పుడు 22,100 చేతులను లెక్కలోకి తీసుకోరాదు. జత, ఆ పైన ఉన్నవి మొత్తం 5,660. వాటిలో జతను మించినవి 1,916. అనగా ఆసుల జత ఓడిపోయే అవకాశం 9 శాతం నుండి మూడింట ఒక వంతుకు పెరిగింది. ముక్కలు మారలేదు. ఎదుటివాడు చేసిన పని వలన అంచనా మారింది. అతడు మళ్ళీ పందెం పెంచితే ఆ అంచనా ఇంకా మారాలి. బలహీన ఆటగాని మనసులో మాత్రం మొదట చూసుకున్న ఆసులే చివరి దాకా నిలిచి ఉంటాయి.

అంచనా సరిగా ఉన్నా దానిని పందెంతో ముడిపెట్టడం వేరే పని. మధ్యలో 90 రూపాయలు ఉండి, నిలబడి ముక్కలు చూపించుకోవడానికి 30 రూపాయలు పెట్టవలసి ఉన్నదనుకుందాం. గెలిస్తే వచ్చేది 120 రూపాయలు. కనుక నాలుగింట ఒకసారి గెలిచినా నష్టం లేదు. తేలవలసినది తన చేయి అన్నిటికంటె పెద్దదా అన్నది కాదు, నాలుగింట ఒకసారైనా గెలిచేంతదా అన్నదే. ఈ తేడా తెలియనివాడు నిలబడవలసిన చోట పడేసి, పడేయవలసిన చోట నిలబడతాడు.

రమ్మీలో అంచనా

రమ్మీలో పందెం పెంచడం ఉండదు గనుక బుకాయింపుకు చోటు తక్కువ. కాని సమాచారం ఎక్కువ. ప్రతి ఆటగాడు తన వంతులో ఒక ముక్క తీసుకుని ఒక ముక్క అందరికీ కనిపించేలా పారవేస్తాడు. తెరిచిన ముక్కను ఎత్తుకుంటే అది తనకు పనికి వచ్చిందని, వదిలిపెడితే పనికి రాలేదని చెప్పినట్లే. పది చుట్లు తిరిగేసరికి ప్రతివాడు తన చేతిని గురించి పది ఇరవై వాక్యాలు మాట్లాడినంత పని జరుగుతుంది. వినేవారు తక్కువ.

ఒక ఉదాహరణ. ఎదుటివాడు ఆఠీను 9 ఎత్తుకున్నాడు. అతని వద్ద ఆఠీను 7, 8 గాని, 8, 10 గాని, 10, జాకీ గాని ఉండవచ్చు. లేదా వేరే రంగుల 9లు రెండు ఉండవచ్చు. సాధారణంగా బలహీన ఆటగాడు ఇంతవరకే ఆలోచిస్తాడు, లేదా 9లను మాత్రమే దాచుకుని మిగిలినవి యథేచ్ఛగా పారవేస్తాడు. అదే మనిషి మూడు చుట్ల క్రితం ఆఠీను 8 పారవేసిన సంగతి గుర్తుంటే 7-8, 8-10 అనే రెండు అవకాశాలు చాలావరకు తొలగిపోతాయి. మిగిలినవి 10-జాకీ జోడీ, లేదా 9ల సెట్టు. అంటే ఇప్పుడు ఆఠీను 7 పారవేయడంలో పెద్ద ప్రమాదం లేదు. 10, జాకీ పక్కన ఉన్న రాణిని మాత్రం ఆలోచించి పారవేయాలి. రెండు చర్యలను కలిపి చదివితేనే ఈ నిర్ణయం వస్తుంది.

జోకరును కూడా ఇలాగే వాడుకోవచ్చు. ఆ ఆటకు 6 జోకరు అయితే, 6లు వచ్చినవారు వాటిని జోకర్లుగా దాచుకుంటారే గాని 5-6-7 వంటి వరుసలలో ఖర్చు చేయరు. కనుక 5లు, 7లు పారవేయడం మిగిలిన ముక్కల కంటె క్షేమం. ఆటలో దిగిన ప్రతివారికీ కనిపించే ముక్క ఇది. అయినా దానిని తన అవసరానికి తప్ప ఎదుటివారి అవసరాన్ని అంచనా కట్టడానికి వాడేవారు అరుదు.

అనుభవం గలవారు ఈ చదువరులను మోసగించే ప్రయత్నం కూడా చేస్తారు. ఇస్పేటు 8, 9 చేతిలో ఉండి ఇస్పేటు 10 కావలసినవాడు తన వద్ద ఉన్న ఆఠీను 10ని ముందుగా పారవేస్తాడు. ఇతనికి 10లు అవసరం లేదని నమ్మి ఎదుటివాడు ఇస్పేటు 10 వదులుతాడు. దీనిని ఎర వేయడం అంటారు. ఎరను చూసిన ప్రతిసారీ ఎర అనుకోవడం కూడా పొరపాటే. ఎక్కువసార్లు పారవేసిన ముక్క నిజంగా అక్కరలేని ముక్కే.

ముక్క కోసం ఎదురు చూడడంలో జరిగే పొరపాటు మరింత పెద్దది. రెండు పేకలు, రెండు అచ్చు జోకర్లు కలిపి 106 ముక్కలతో ఆడుతున్నారనుకుందాం. తన 13, తెరిచిన ముక్క, జోకరు ముక్క తీసివేస్తే ఒక ఆటగానికి కనిపించనివి 91. ఇద్దరే ఆడుతుంటే వాటిలో 78 మూసిన కట్టలో, 13 ఎదుటివాని చేతిలో ఉంటాయి. తనకు కావలసిన ముక్క కట్టలో ఉండే అవకాశం 86 శాతం. అదే ఆరుగురు ఆడుతుంటే 65 ముక్కలు ఇతరుల చేతులలో ఉండి కట్టలో మిగిలేవి 26 మాత్రమే. అవకాశం 29 శాతానికి దిగిపోతుంది. ఆరుగురి ఆటలో కావలసిన ముక్క చాలావరకు ఎవరో ఒకరి చేతిలో చిక్కి ఉంటుంది. వారు పారవేసినా దానిని ఎత్తుకునే హక్కు వారి తరువాత ఆడేవానిదే. ఇద్దరి ఆటలో అలవాటైన ఓపికను ఆరుగురి ఆటలోనూ చూపేవారు ముక్క రాక, చేయి కుదరక ఫుల్ కౌంటుతో మిగిలిపోతారు.

సాధారణంగా పాటించే పద్ధతిలో మొదటి వంతులోనే ఆట వదిలితే 20, మధ్యలో వదిలితే 40, ఎత్తుగా ఓడిపోతే 80 కౌంటు పడుతుంది. జోకరు లేని వరుస లేక, చేతిలో ఆసులు, రాజులు, రాణులు నిండి ఉన్నప్పుడు వదిలిపెట్టడం పరువు తక్కువ అనే భావన అరుగుల మీద బలంగా ఉంటుంది. ఒక్కసారి 80 పడడం నాలుగుసార్లు ముందే వదిలిపెట్టడంతో సమానం.

ఒకే చేతిని ఊహించడం

పోకర్ సాహిత్యంలో ఈ విషయం విస్తారంగా చర్చించబడినది. అమెరికన్ రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ 1987లో వెలువడిన "ద థియరీ ఆఫ్ పోకర్" గ్రంథంలో ఆటకంతటికీ పునాదిగా ఒక సూత్రం ప్రతిపాదించాడు. ఎదుటివాని ముక్కలు కనిపిస్తే ఎలా ఆడేవాడో దానికి భిన్నంగా ఆడిన ప్రతిసారీ ఆటగాడు ఎదుటివానికి లాభం చేకూరుస్తున్నాడని దాని సారాంశం.

అయితే ముక్కలు కనిపించవు గనుక మంచి ఆటగాడు ఎదుటివాని వద్ద ఒక నిర్దిష్టమైన చేయి ఉన్నదని భావించడు. ఉండగల చేతులన్నిటినీ మనసులో ఉంచుకుని, ప్రతి చర్య తరువాత కొన్నిటిని తీసివేస్తూ పోతాడు. బలహీన ఆటగాడు మొదటి చుట్టులోనే "వీని దగ్గర జత ఉంది" అని నిశ్చయించుకుని, తరువాత జరిగినదంతా ఆ నిశ్చయానికి అనుగుణంగా మలచుకుంటాడు. పందెం పెంచితే ధైర్యం నటిస్తున్నాడంటాడు, పెంచకపోతే చూశారా అంటాడు. అటువంటి అంచనా ఎప్పుడూ తప్పని తేలదు.

కంప్యూటర్లు ఈ ఆటలో నెగ్గినది కూడా మనిషి మనసు చదివి కాదు. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన టుయోమస్ శాండ్‌హోం, నోమ్ బ్రౌన్‌లు తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి క్రీడాకారులతో 1,20,000 చేతులు ఆడి గెలిచింది. అది ఎవరి ముఖమూ చూడలేదు. ఉండగల చేతులన్నిటిపైనా ఒకేసారి లెక్క నడిపి, తన ఆటను బట్టి తన చేయి ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడింది.

ముఖం, మాట, మనిషి

ముఖం చూసి ముక్కలు చెప్పగలమనే నమ్మకం పేకాట ఉన్న ప్రతి చోటా ఉన్నది. ఇది ఎంతవరకు నిజమో పరీక్షించినవారున్నారు. 2013లో మైకేల్ స్లెపియన్, అతని సహచరులు వృత్తి పోకర్ ఆటగాళ్ళ వీడియో దృశ్యాలను ఆటతో పెద్దగా పరిచయం లేని విద్యార్థులకు చూపి, వారి చేతులు ఎంత మంచివో చెప్పమన్నారు. ముఖం మాత్రమే చూసినవారి అంచనాలు గుడ్డిగా చెప్పిన దానికంటె కూడా అధ్వాన్నంగా వచ్చాయి. పందెం ముందుకు తోసేటప్పటి భుజాల, చేతుల కదలికలు మాత్రమే చూసినవారి అంచనాలు కొంత నయంగా వచ్చాయి. ముఖం దాచడం అందరూ అభ్యసిస్తారు, చేయి చాచే తీరును దాచాలని ఎవరికీ తోచకపోవడం దీనికి కారణం కావచ్చు.

మనిషిని చూసి ముక్కలను అంచనా వేయడం ఇంకా లోతైన అలవాటు. 1975లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ లాంగర్ జరిపిన ఒక ప్రయోగంలో ఇద్దరు చెరొక ముక్క తీసి, పెద్ద ముక్క వచ్చినవారు గెలిచే ఆట ఆడారు. ఇందులో నైపుణ్యానికి చోటే లేదు. అయినా ఎదుట కూర్చున్న మనిషి బెరుకుగా, సరికాని దుస్తులలో కనిపించినప్పుడు ఎక్కువ పందెం, ధీమాగా కనిపించినప్పుడు తక్కువ పందెం కాశారు. ఆత్మకూరులోనైనా అమెరికాలోనైనా మాసిన చొక్కా వేసుకున్నవానికి ముక్కలు తక్కువగా పడవు. ఈ సంగతి తెలిసిన మోసగాళ్ళు అమాయకులుగా కనిపించడానికి ప్రయత్నించడంలో ఆశ్చర్యం లేదు.

అపరిచితుల మధ్య మరొక ప్రమాదం కుమ్మక్కు. ఇద్దరు ఆటగాళ్ళు ముందే కూడబలుక్కుని ఆడితే, పారవేసిన ముక్క అక్కరలేని ముక్క అనే సూత్రమే పనిచేయదు. అది తోటివాని కోసం వదిలిన ముక్క కావచ్చు. పైన చెప్పిన లెక్కలన్నీ ప్రతివాడూ తన కోసమే ఆడుతున్నాడనే ఊహ మీద నిలిచినవి. ఆ ఊహ తప్పిన చోట ఎంత నేర్పు ఉన్నా ఉపయోగం లేదు.

జ్ఞాపకం చేసే మోసం

వరుసగా ఐదు ఆటలు ఓడినవాడు ఆరవది తనదేనని నమ్మడం చాలా పాత పొరపాటు. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు లాప్లాస్ 1814లోనే ఇటువంటి భ్రమలను వర్ణించాడు. ప్రతిసారీ పేక కలిపి కోసి పంచుతారు గనుక వెనుకటి ఓటమికి కొత్త ముక్కలతో సంబంధం లేదు. ఈ భ్రమ తన చేతికే పరిమితం కాదు, ఎదుటివాని చేతికి కూడా పాకుతుంది. ఇప్పటికి మూడుసార్లు పెద్ద చేయి పడినవానికి ఈసారి పడదని భావించి అతనిపై పందెం పెంచుతారు.

బుకాయింపు పట్టుబడిన ఆట నెలల తరబడి కథగా చెప్పుకుంటారు. ఎదుటివాడు ముక్కలు చూపకుండానే గెలిచిన ఆటలలో అతని వద్ద ఏమున్నదో ఎవరికీ తెలియదు, కనుక అవి లెక్కలోకి రావు. ఈ విధంగా ఒక మనిషికి బొంకులవాడనే పేరు రెండు మూడు ఆటలతోనే స్థిరపడిపోతుంది. ఆ పేరు వచ్చినవాడు తెలివైనవాడైతే దానిని మంచి ముక్కలు వచ్చిన రోజున డబ్బుగా మార్చుకుంటాడు.

న్యాయస్థానాలు, చట్టాలు

ఎదుటివారి చేతిని చదవడం నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్న తెలుగునాట నుండే భారత సుప్రీంకోర్టుకు చేరినది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో పందెంతో రమ్మీ ఆడుతున్నవారిపై 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టం క్రింద కేసు నడిచింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ అనే ఈ వ్యాజ్యంలో 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకుని ఏది పారవేయాలో తెలియడం అందులో అవసరమని కోర్టు పేర్కొన్నది. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టంపై నడిచేదిగా పరిగణించింది. నిర్వాహకులు ఆట వలన లాభం పొందుతున్నట్లు రుజువైతే రమ్మీ విషయంలోనూ నేరం కావచ్చునని కూడా చెప్పింది.

కోర్టు దృష్టి ముక్కలు పడే తీరు మీద ఉన్నది గాని పందెం పెంచే తీరు మీద లేదు. అందువలన మూడు ముక్కలాటలో అంచనాకు గల పాత్ర ఆ విభజనలో లెక్కకు రాలేదు. అయితే ఆటకు మూడే ముక్కలు, పారవేయడం లేదు, ఎత్తుకోవడం లేదు. చదవడానికి దొరికే సమాచారం రమ్మీతో పోలిస్తే చాలా తక్కువ అన్నది వాస్తవం.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చినప్పుడు కేవలం నైపుణ్యంతో కూడిన ఆటలకు అందులో మినహాయింపు ఇచ్చారు. ఆన్‌లైన్ రమ్మీ వ్యాపించిన తరువాత పరిస్థితి మారింది. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహం, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. ఈ చట్టం నైపుణ్యపు ఆట, అదృష్టపు ఆట అనే తేడాను పాటించలేదు. డబ్బు పెట్టి డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా దాని నిషేధ పరిధిలోకి వస్తుంది.